అంకమ్మ చీర బరువు

"పాప తగ్గిపోతోందండీ. నిన్న ఐదు కిలోల ఎనిమిది వందలుంది, ఇవాళ పొద్దున తూస్తే ఐదు కిలోల ఆరు వందలు. ఒక్క రోజులో రెండొందల గ్రాములు! పాలు తాగుతూనే ఉంది, నవ్వుతూనే ఉంది. లోపల ఏదో జబ్బు తినేస్తోందేమోనండీ. నోటితో అనాలన్నా భయంగా ఉంది."

అనేశాక వీణ నాలుక కరుచుకుంది. తను వచ్చిన పని ఇది కాదు. ఎదురుగా చాప మీద కూర్చున్న మనిషి తనకి అరగంట క్రితమే పరిచయం. ఆమె పేరు మస్తానమ్మ. రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో, చేపలవేట మీద బతికే ఒక పాలెంలో ఇరవై రెండేళ్లుగా అంగన్‌వాడీ టీచరు. వీణేమో బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. వాళ్ల డిపార్ట్‌మెంటు పేరు హెల్త్ ఇన్ఫర్మాటిక్స్. రోగుల వివరాలన్నీ కంప్యూటర్లలో పెట్టి వాటి నుంచి వైద్యానికి పనికొచ్చే సంగతులు తీసే చదువని అత్తగారికి ఒకసారి విడమరిచి చెబితే, "అయితే కాంపౌండరు పనా?" అని అడిగిందావిడ.

ఆ డిపార్ట్‌మెంటుకి ఆ ఏడు పెద్ద అవార్డు వచ్చింది. నలభై అంగన్‌వాడీలకి వాళ్లు కొత్తరకం కాటాలు ఇచ్చారు. బిడ్డను పళ్లెంలో పెట్టగానే బరువు తనంతట తానే టీచరు ఫోన్లోకి వెళ్లిపోతుంది. బరువు సరిపడా ఉంటే ఫోను ఆకుపచ్చ చూపిస్తుంది, తక్కువుంటే పసుపు, మరీ తక్కువుంటే ఎరుపు. తొమ్మిది నెలల్లో తక్కువ బరువు పిల్లలు నూటికి ముప్పై ఒక్కమంది నుంచి పంతొమ్మిదికి దిగారు. ఆ అంకె తేల్చింది వీణే. వచ్చే శనివారం క్యాంపస్‌లో సభ. అధ్యాపకులకీ విద్యార్థులకీ సన్మానాలు. పల్లె నుంచి ఒక టీచరు కూడా వేదిక మీద నాలుగు మాటలు చెబితే నిండుగా ఉంటుందని, ఒక్క రోజూ నాగా లేకుండా తూకాలు పంపిన మస్తానమ్మను ఎంచారు. ఆమెను పిలిచి, ఒక నిమిషం వీడియో తీసుకురమ్మని వీణను పంపారు. ఐదు నెలల పాపను భర్త మనోహర్ చేతిలో పెట్టి, వీణ తెనాలిలో పొద్దుటి రేపల్లె బండి ఎక్కింది. దారి పొడుగునా ఆ రెండొందల గ్రాములు ఆమె గుండె మీదే కూర్చున్నాయి. ఇక్కడ కాటా కనబడేసరికి ఆగలేకపోయింది.

మస్తానమ్మ తొందరపడలేదు. "నిన్న దేని మీద పడుకోబెట్టి తూచావమ్మా?" అంది.

"టర్కీ తువాలు మీదండీ."

"ఇవాళ?"

"అది తడిసిందని... పల్చటి నూలుగుడ్డ వేశాను."

"మీది ఏ ఊరు?"

"పుట్టిల్లు చీరాలండీ. నాన్న మగ్గం నేసేవాడు."

మస్తానమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "నేతోళ్ల పిల్లవి. గుడ్డకి బరువుంటుందని నీకు నేను చెప్పాలా?"

వీణ మొహం వేడెక్కింది. సైన్సు చదివింది, కొలతల్లో పొరపాట్ల మీద ఒక పరీక్షే రాసింది. పాపను చేతుల్లోకి తీసుకున్నప్పుడు ఆ చదువంతా ఎటు పోతుందో! అయినా గుండె మీది బరువు దిగింది. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే మస్తానమ్మ రెండో ప్రశ్న వేసింది.

"సరే, మీ పాప సంగతి తేలింది. మరి మా ఉప్పు ఎటు పోయిందో చెప్పమ్మా."

"ఉప్పా?"

"ఉప్పే. ఫోన్లో నా పిల్లలు ముప్పై నలుగురు ఉండాలి. పోయిన నెల నుంచి ముప్పై ముగ్గురే కనపడుతున్నారు. మా ఉప్పుని తీసేసింది ఎవరు?"

ఉప్పు సంగతి తెలియాలంటే అంకమ్మ సంగతి తెలియాలి. అంకమ్మ మస్తానమ్మ తల్లి. పడవలు ఒడ్డుకు రాగానే చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె బజారుకు నడిచిన మనిషి. వ్యాపారులు రొయ్యలు తూచేటప్పుడు కాటా వాళ్ల పక్కకే మొగ్గేది. చదువు రాని అంకమ్మ వాళ్లతో పోట్లాడలేదు. గంపలో ఒక కిలో ఉప్పు ప్యాకెట్టు పెట్టుకుని వెళ్లేది. "ముందు నా ఉప్పు తూచు నాయనా, తర్వాత నా రొయ్యలు తూచు" అనేది. ఉప్పు కిలో చూపిస్తేనే గంప దించేది. ప్యాకెట్టుకి చిన్న చిల్లి పడినా మార్చేసేది. సముద్రపు గాలికి ఉప్పు చెమ్మ పీల్చి బరువెక్కుతుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. వ్యాపారులు ఆమెకు 'ఉప్పంకమ్మ' అని పేరు పెట్టి నవ్వేవాళ్లు. నవ్వుతూనే కాటా సరిచేసేవాళ్లు.

ఆ గంప సంపాదనతో మస్తానమ్మ పదో తరగతి చదివింది. పాలెంలో అంతవరకు చదివిన మొదటి ఆడపిల్ల. పక్క వీధిలో పడవ మీద కూలికి వెళ్లే నాగులును పెళ్లాడింది. అంగన్‌వాడీ ఉద్యోగం వచ్చినప్పుడు పాలెంలో ఒక్క తల్లీ బిడ్డను కాటా మీద పెట్టనివ్వలేదు. అక్కడ కాటా అంటే చచ్చిన చేపను పెట్టేది. "పండుగొప్పని పెట్టినట్టు నా బిడ్డని పెడతావా మస్తానూ?" అని ముసలమ్మలు చీపుళ్లెత్తారు. మస్తానమ్మ మూడు నెలలు బతిమాలింది. చివరికి తల్లి పాత నూలుచీర ఒకటి తెచ్చి, మడతలు పెట్టి, పళ్లెంలో పరిచింది. ఎనిమిది మందిని కని ఎనిమిది మందినీ దక్కించుకున్న తల్లి చీర. దాని మీద పడుకోబెడితే కాటా మీద పెట్టినట్టు కాదని పాలెం ఒప్పుకుంది. ఆ రోజు నుంచి అందరు పిల్లలకీ అదే చీర. రోజూ ఉతికి, ఎండలో ఆరేసి, పొద్దున్నే ముందు ఉప్పు ప్యాకెట్టును ఆ చీర మీదే పెట్టి తూచేది. చీర రెండు వందల అరవై గ్రాములు. పిల్లల బరువులోంచి అంతా తీసేసి రిజిస్టర్లో రాసేది. ఇరవై ఒక్క ఏళ్లు అలాగే రాసింది.

తర్వాత యూనివర్సిటీ కాటా వచ్చింది.

"అందులో రాసే పనే లేదమ్మా. పెట్టగానే బరువు ఫోన్లోకి పోయిద్ది. చీర బరువు తీసేద్దామంటే తీసే చోటే లేదు. పరిచిన గుడ్డ బరువు పోయేట్టు చేసే సున్నా మీట కాటాకి ఉంది గానీ నొక్కితే పలకదు."

వీణకు ఆ మీట సంగతి బాగా తెలుసు. మొదటి నెలలో ఎవరో టీచరు బిడ్డ పళ్లెంలో ఉండగా దాన్ని నొక్కేసింది. లెక్కలు చెడుతున్నాయని, కాటా ప్రోగ్రాము రాసిన గౌతమ్ ఆ మీటను పనిచేయకుండా చేసేశాడు. అప్పుడు ల్యాబులో కాటాను పరీక్షించింది ఇత్తడి గుండ్లతో, వట్టి పళ్లెంలో.

"సూపర్‌వైజరమ్మకి రెండుసార్లు చెప్పాను. 'ఫోన్లో ఏమొస్తే అదే, నీ సొంత తెలివి వద్దు' అంది. ఇంకేం చేస్తాను? ఉప్పుని ఒక బిడ్డగా రాశాను. పేరు ఉప్పు, తల్లి పేరు అంకమ్మ. నెలనెలా చీర మీద పెట్టి తూచి పంపాను. కిలో రెండొందల అరవై ఐదు. ప్రతి నెలా అంతే, కవరుతో కలిపి. బాపట్లలో అంత చదువుకున్నోళ్లున్నారు గదా, తొమ్మిది నెలలుగా ఒక బిడ్డ ఒక్క గ్రాము పెరక్కుండా ఉంటే ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగరా? అప్పుడు చెబుదామనుకున్నాను."

అప్పుడే లోపలికి వచ్చిన నాగులు గడప దగ్గర ఆగి నవ్వాడు. "మా ఆవిడ ఆ ఉప్పుకి అన్నప్రాసన కూడా చేద్దామంది మేడమ్‌గారూ. పాయసంలో కలిపితే ఎవరూ తినరని నేనే ఆపాను."

వీణకు నవ్వు రాలేదు. ఆ బిడ్డ ఆమెకు తెలుసు. పేర్లు తీసేసి అంకెలు మాత్రమే ఇస్తారు గనుక పేరు తెలియదు, అంతే. రెండు వేల పైచిలుకు పిల్లల్లో ఒక్క బిడ్డ బరువు మనిషికి సాధ్యం కానంత తక్కువగా ఉంది. అలాంటివాటిని తీసేయడం శాస్త్రంలో మామూలు పద్ధతే. ఒక్క వరసలో ఆజ్ఞ రాసి తీసేసింది. దాంతో ఆ పేరు టీచరు ఫోన్లోంచి కూడా చెరిగిపోయింది. పక్కన 'నమోదు పొరపాటు' అని రాసింది. పాప పుట్టాక మళ్లీ పనిలో చేరిన మొదటి వారం, నిద్ర లేని కళ్లతో చేసిన పని. ఫోన్ చేసి అడగాలని తట్టనే లేదు.

"అందరూ ఇలాగే గుడ్డ వేసి తూస్తారా అండీ?" అని అడిగింది.

"వట్టి పళ్లెంలో ఏ తల్లి పెట్టనిస్తుందమ్మా? చెరుకుపల్లి వైపు దుప్పటి ముక్కేస్తారు. కొందరు మొగుడి లుంగీ వేస్తారు. నువ్వేం వేశావు?"

నూటికి ముప్పై ఒకటి నుంచి పంతొమ్మిది. పాత లెక్క టీచర్ల రిజిస్టర్లది, కొత్త లెక్క ఈ కాటాలది. మధ్యలో తగ్గినదంతా పిల్లల ఆకలి కాదేమో, గుడ్డలేమో.

మస్తానమ్మ గుమ్మంలోకి కేకేసింది. "దుర్గా, ఇట్రావే!"

ఇరవై రెండేళ్ల దుర్గాదేవి చంకలో కొడుకుతో వచ్చింది. పిల్లాడి పేరు బాబి. పది నెలలు. తల పెద్దది, కాళ్లు చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఏడవడం లేదు. అదే ఎక్కువ భయపెట్టింది వీణను.

"టీచరత్తా, సూదేస్తారా ఏంటి?" అంది దుర్గాదేవి.

"సూదీ లేదు గీదీ లేదు, పడుకోబెట్టు." చీర మీద పెట్టారు. ఆరు కిలోల ఏడొందల తొంభై. ఫోన్ పసుపు చూపించింది. చీర తీసేస్తే ఆరు కిలోల ఐదొందల ముప్పై. ఆ వయసు మగబిడ్డకు అది ఎరుపు. ఎరుపు వస్తేనే ఫోన్లోంచి చీటీ వస్తుంది. చీటీ ఉంటేనే పెద్దాసుపత్రిలో పోషకాహార వార్డులో మంచం, రెండు వారాలు తిండీ మందూ. చీటీ లేకుండా దుర్గాదేవి రెండుసార్లు వెళ్లొచ్చింది. సిరప్పు రాసి పంపేశారు.

"వీడు కాక ఇంకో ఐదుగురున్నారు" అని మస్తానమ్మ ఒక కాగితం చేతిలో పెట్టింది. "ఫోన్లో పసుపు, నా లెక్కలో ఎరుపు. ఆ సున్నా మీట ఒక్కటి పలికించండమ్మా. నాకు శాలువా వద్దు, ఏమీ వద్దు. సభలోపు అది చేయిస్తావా?"

"చేయిస్తానండీ" అంది వీణ. ఆ క్షణాన మనస్ఫూర్తిగానే అంది.

మర్నాడు బాపట్లలో, తీసేసిన ఆ వరసలన్నీ వెనక్కి తెచ్చి గీత గీసింది. కిలో రెండొందల అరవై ఐదు దగ్గర, తొమ్మిది నెలల పొడవునా, స్కేలు పెట్టి గీసినట్టు ఒక అడ్డగీత. అంత తిన్నని గీత ఆమె చదువులో ఎప్పుడూ చూడలేదు. కాగితం తీసుకుని విభాగాధిపతి బసవేశ్వరరావుగారి గదికి వెళ్లింది. ఆయన చెడ్డవాడు కాదు. వీణకు పురిటి సెలవు ఇప్పించడానికి రిజిస్ట్రారుతో మాటపడ్డ మనిషి. ఫెలోషిప్ ఇంకో ఏడాది పొడిగించే కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉంది.

ఆయన గీతను చాలాసేపు చూశాడు. "ఒక్క ఉప్పు ప్యాకెట్టు పట్టుకుని నలభై సెంటర్లని అనుమానిస్తావా అమ్మాయ్? ఇదే నీ విద్యార్థి చేస్తే ఏమంటావు?"

"సెంటరుకి వెళ్లి చూద్దామంటాను సార్."

"వెళ్దాం. తప్పకుండా వెళ్దాం. ముందు సభ జరగనీ. శనివారం వైస్ ఛాన్సలర్ వస్తున్నారు, పత్రికలవాళ్లు వస్తున్నారు. ఫ్లెక్సీలు కట్టేశారు. దేనికైనా ఒక వేళ ఉంటుంది."

"ఆ మీట ఒక్కటి ఇప్పుడే తెరిస్తే..."

"సభకు మూడు రోజుల ముందు ప్రోగ్రాము ముట్టుకుంటే, ఎందుకు ముట్టుకున్నారని అడగరా?"

గౌతమ్ క్యాంటీన్లో టీ ఇప్పించాడు. "వీణక్కా, నీకు బాలింత చాదస్తం తగ్గలేదు. చీరట, ఉప్పట!" అన్నాడు. వీణ టీ తాగింది.

బుధవారం మస్తానమ్మ ఫోన్ చేసింది. "ఏమైందమ్మా?"

"సార్‌తో మాట్లాడానండీ. సభ అయ్యాక చూద్దామన్నారు."

"సభ అయ్యేదాకా ఆగమని బాబికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని పెట్టేసింది.

శనివారం హాలు పూలదండల వాసనతో, ఏసీ చలితో నిండిపోయింది. గుమ్మం దగ్గర నిలువెత్తు ఫ్లెక్సీ మీద పదిహేడు మొహాలు. పేటెంటు వచ్చిన అధ్యాపకుడు, బెంగుళూరు కంపెనీలో చోటు దొరికిన విద్యార్థులు, డాక్టరేట్ పూర్తిచేసిన మేడమ్, అందరికన్నా పైన బసవేశ్వరరావుగారు, ఆయన భుజం పక్కనే గౌతమ్, వీణ. తన మొహం అంత పెద్దదిగా చూసుకోవడం వీణకు అదే మొదలు. తెర మీద ఎర్రని ముప్పై ఒకటి కరిగి ఆకుపచ్చని పంతొమ్మిదిగా మారుతుంటే హాలంతా చప్పట్లు. వీణ సంచీలో ఆ గీత కాగితం ఉంది. ఎందుకు తెచ్చుకుందో తనకే సరిగ్గా తెలియదు.

మస్తానమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. మైకు ఎత్తు సరిచేయబోయిన కుర్రాణ్ణి వద్దని, తనే కాళ్లెత్తి నిలబడింది.

"అందరికీ నమస్కారమండి. కాటా ఇచ్చారు, సంతోషమండి. కానీ ఆ కాటా మీద నేను గుడ్డ పరుస్తానండి. గుడ్డ లేకపోతే మా తల్లులు పిల్లల్ని పెట్టరండి. ఆ గుడ్డ బరువు కూడా పిల్లల బరువులో కలిసిపోతోందండి. అది చెప్పుకునే చోటు లేక, ఉప్పు ప్యాకెట్టుని ఒక బిడ్డగా రాసి పంపానండి."

హాలు ఘొల్లుమంది. ముందు వరసలో ఎవరో "ఉప్పుకి టీకాలు వేయించారా?" అన్నారు. ఇంకా నవ్వులు. మస్తానమ్మ నవ్వులు తగ్గేదాకా ఆగింది. చేపలబజారులో పెరిగిన మనిషికి కేకల మధ్య ఆగడం కొత్త కాదు.

"మొన్న గురువారం బాబి అనే పిల్లాణ్ణి తూచేటప్పుడు చీర అంచు రెండు వేళ్లతో పైకి పట్టుకున్నానండి. కాటా ఆరు కిలోల ఐదొందల ముప్పై చూపించేదాకా. అదే వాడి అసలు బరువు. ఫోన్ ఎర్రబడింది, చీటీ వచ్చింది, పిల్లాడు ఇవాళ ఆసుపత్రిలో ఉన్నాడు. ఇరవై రెండేళ్లలో నేను తూకంలో వేలు పెట్టింది ఆ ఒక్కసారేనండి. నిజం చెప్పడానికి దొంగతూకం తూచాల్సొచ్చింది. ఇంకా ఐదుగురున్నారు. వాళ్లకీ వేళ్లు పెట్టమంటారా, మీట తెరుస్తారా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అప్పుడు వీణ లేచి ఆ గీత చూపించి ఉంటే ఏమయ్యేదో తెలియదు. కుర్చీలోంచి సగం లేచింది కూడా. "పల్లె సహోదరి అమాయకమైన మాటల్లో ఎంత నిబద్ధత ఉందో చూశారా! మస్తానమ్మగారికి గట్టిగా చప్పట్లు" అని బసవేశ్వరరావుగారు మైకు అందుకున్నారు. చప్పట్లు మోగాయి. వెంటనే తర్వాతి పేరు పిలిచారు, వీణ పేరు. సగం లేచిన మనిషి పూర్తిగా లేచి వేదిక ఎక్కింది. శాలువా కప్పారు. "మేడమ్, ఇటు" అన్నాడు ఫోటోగ్రాఫరు. ఆ ఫోటోలో వీణ నవ్వుతూనే ఉంది.

ముందు వరసలో మస్తానమ్మ పై అధికారిణి, ఆ సూపర్‌వైజరమ్మ, ఒక్కతే నవ్వలేదు, చప్పట్లూ కొట్టలేదు. ఒళ్లో డైరీ పెట్టుకుని రాసుకుంది.

మూడు వారాలకు మెమో వచ్చింది. లేని బిడ్డను నమోదు చేయడం ఒకటి. తూకంలో చెయ్యి పెట్టడం రెండు. ఆ లేని బిడ్డ పేర వచ్చిన కోడిగుడ్లు ఏమయ్యాయన్నది మూడు. ఫోన్లో పేరుంటే చాలు, గుడ్లు వాటంతట అవే వచ్చేవి. ఉప్పు వాటా గుడ్లు బాబికి పెట్టానని మస్తానమ్మ ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఆ ఒక్కమాటతో మిగతా రెండింటికీ విచారణ కూడా అవసరం లేకపోయింది. ఆమెను తీసేశారు.

వీణ అప్పుడు రెండు పేజీల ఉత్తరం రాసింది, గీత జతచేసి, బసవేశ్వరరావుగారికీ పై ఆఫీసుకీ. యూనివర్సిటీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, విషయం పరిశీలనలో ఉందని. పై ఆఫీసు నుంచి అదీ రాలేదు. మరో నాలుగు నెలలకు సున్నా మీట తెరుచుకుంది. గుడ్డ బరువు తీసేసే కొత్త సదుపాయమని గౌతమ్ దాని మీద ఒక వ్యాసం రాశాడు. మరుసటి ఏటి ఫ్లెక్సీలో అదీ ఉంది. పంతొమ్మిది మాత్రం పంతొమ్మిదిగానే ఉండిపోయింది. ఆ పంతొమ్మిది అచ్చయిన పాత వ్యాసంలో మూడో పేరు ఇప్పటికీ వీణదే. ఫెలోషిప్ పొడిగించారు.

ఆ ఉత్తరాలు రాసిన చాలా రోజులకు, వీణ మళ్లీ రేపల్లె బండి ఎక్కింది. చేపలబజారులో మూడో దిమ్మె మీద మస్తానమ్మ కూర్చుని ఉంది. ముందు ఎండుచేపల కుప్పలు, చిన్న కాటా, కాటా పక్కన చిల్లి లేని ఉప్పు ప్యాకెట్టు. వీణను చూసి మొహం తిప్పుకోలేదు. ఒక ముక్కాలిపీట తోసింది.

"బాబి ఎలా ఉన్నాడండీ?"

"ఏడుస్తున్నాడు. చెవులు చిల్లులు పడేట్టు ఏడుస్తున్నాడు. బాగున్నాడు." ఎండుచేపల కుప్ప సర్దుతూ అంది. "మిగతా ఐదుగురిలో నలుగురికి మీట తెరిచాక చీటీలొచ్చాయట. ఒకళ్లు వలస పోయారు. ఏ ఊరో తెలవదు."

వీణ తల వంచుకుంది. "నన్ను క్షమించండి పిన్నీ. ఆ రోజు నేను లేవాల్సింది."

"క్షమాపణ ఎంతుంటదో తూచి చెప్పనా?" అని మస్తానమ్మ కాటా పళ్లెం తుడిచింది. పక్క దిమ్మె ఆమె కిసుక్కున నవ్వింది. మస్తానమ్మ నవ్వలేదు. "నిన్ను తిట్టి నేనేం బావుకుంటాను? పసిబిడ్డ తల్లివి, నీ భయాలు నీకున్నాయి. ఒక్కటి చెబుతా విను. మా అమ్మ అనేది. రొయ్య వ్యాపారి గంపలో పడకముందు అంటేనే అది మాట. పడ్డాక అనేది ఏడుపు. నువ్వు రాసిన ఉత్తరాలన్నీ ఏడుపే."

ఒక బేరం వచ్చింది. ముందు ఉప్పు పెట్టి చూపించి, తర్వాత సొర చేప తూచి, పొట్లం కట్టి ఇచ్చి, అప్పుడు మళ్లీ వీణ వైపు తిరిగింది. "పాపకి ఇప్పుడెన్ని నెలలు? తూస్తున్నావా? ఇంకా రోజూ దడుచుకుంటూనే ఉన్నావా?"

"దడుచుకుంటూనే ఉన్నానండీ."

ఆమె అప్పుడు చెప్పిన మాటలే ఇప్పుడు బాపట్లలో వీణ పనిలోనూ, తెనాలిలో ఇంట్లోనూ నడుస్తున్నాయి. డిపార్ట్‌మెంటులో ఏ లెక్క ఇచ్చినా, మొదటి పేజీలో మొదటి వరస, ఈ లెక్కలోంచి నేనేమేం తీసేశాను, వాటిని పంపినవాళ్లకు ఫోన్ చేసి అడిగానా లేదా అన్నది. బసవేశ్వరరావుగారికి ఆ వరస నచ్చదు. రెండుసార్లు కొట్టేశారు. రెండుసార్లూ వీణ మళ్లీ రాసింది, లెక్క బయటికి పోకముందే.

ఆదివారం ఆదివారం పాపను తూస్తుంది. రోజూ తూయడం మానేసింది. సన్మానంలో కప్పిన శాలువాను నాలుగు మడతలు పెట్టి కాటా మీద పరుస్తుంది. మూడు వందల పది గ్రాములు. గోడ క్యాలెండరు మీద ముందు ఆ అంకె వేస్తుంది. పాపను ఎత్తుకుని పక్కన నిలబడ్డ మనోహర్ ప్రతివారం ఒకటే అడుగుతాడు. "సన్మానం బరువు తీసేశావా?"

"తీసేశాను, పెట్టు" అంటుంది.

పాప కాళ్లాడిస్తుంది, అంకెలు గంతులేస్తాయి, ఆగుతాయి. ఒక్కోవారం తగ్గుతాయి కూడా. తగ్గినప్పుడు గుండె జారబోతుంది. అప్పుడు పాపను తీసేసి, వట్టి శాలువాను ఇంకోసారి తూస్తుంది. మస్తానమ్మ చెప్పింది అదే, ఎండుచేపల వాసన వేసే చేతులు కొంగుకు తుడుచుకుంటూ: "ముందు గుడ్డని తూచు. తర్వాత బిడ్డని తూచు. భయపడేదేదో ఆ తర్వాత పడు."